క్రియాటినిన్ 1.6 వచ్చింది, రాత్రి నుంచి నిద్ర లేదు

గోదారి_గట్టు
వయసు 46, ఉండేది కాకినాడ. ఆఫీసు వాళ్లు ఏటా చేయించే చెకప్‌లో ఈసారి క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.6 వచ్చింది. పక్కన ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే లెక్క, ఇది తగ్గకూడదు) 53 అని ఎర్ర అక్షరాల్లో ఉంది. పోయినేడాది కాగితం వెతికి తీస్తే అందులో 1.2. షుగర్ లేదు. బీపీ ఆరేళ్లుగా ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. కాళ్ల వాపు లేదు, మూత్రంలో మంట లేదు, ఒంట్లో ఏ తేడా తెలియడం లేదు.

రిపోర్టు ఫోన్‌కి నిన్న సాయంత్రం వచ్చింది. రాత్రి రెండింటి దాకా నెట్‌లో చదువుతూ కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి డయాలసిస్ దగ్గరే తేలుతోంది. మా మేనమామ మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయాడు. ఆయన్ని ఆసుపత్రికి తిప్పినవాణ్ని నేనే. ఆ మంచం, ఆ ట్యూబులు కళ్ల ముందు నుంచి కదలడం లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. డాక్టరు అపాయింట్‌మెంట్ సోమవారం దొరికింది. ఈలోపు ఒక్కటే అడుగుతున్నాను: ఇలా పెరిగింది మళ్లీ తగ్గినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పప్పుచారు
ఉన్నాం. నాకు డెంగీ వచ్చినప్పుడు 1.9 దాకా వెళ్లి నెల తిరిగేసరికి 1.0కి వచ్చింది. ముందు నెట్ కట్టేయండి.

ల్యాబ్_అక్క
పదిహేడేళ్లుగా ల్యాబులో పని చేస్తున్నాను. డాక్టర్ని కాదు, వైద్యం చెప్పను. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, దాచకుండా చెప్పండి. టెస్టుకు ముందు రోజుల్లో నొప్పి బిళ్లలు వేసుకున్నారా? ముందురోజు రాత్రి మాంసం తిన్నారా? రక్తం ఇచ్చేటప్పటికి నీళ్లు తాగి ఎన్ని గంటలైంది? జ్వరం, విరేచనాలు ఏమైనా వచ్చాయా? జిమ్ పౌడర్లు వాడుతున్నారా? బీపీ మాత్ర అట్ట మీద పేరు పూర్తిగా ఏముంది?

గోదారి_గట్టు
అక్కా, నడుం పట్టేసి పది పన్నెండు రోజులు డైక్లోఫెనాక్ వేసుకున్నాను, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నదే. ముందురోజు రాత్రి మా కొలీగ్ కొడుకు రిసెప్షన్, మటన్ బిర్యానీ గట్టిగానే తిన్నాను. ఫాస్టింగ్ అన్నారు కదా అని రాత్రి తొమ్మిదిన్నర తర్వాత నీళ్లు కూడా ముట్టలేదు. క్యూలో నిలబడి రక్తం ఇచ్చేసరికి పొద్దున పదకొండు. జ్వరం రాలేదు, పౌడర్లు లేవు. అట్ట మీద టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 అని ఉంది.

ల్యాబ్_అక్క
ఫాస్టింగ్ అంటే తిండి మానమని. మంచినీళ్లు తాగవచ్చు. ఈ మాట రోజుకి ఇరవైమందికి చెబుతాను, అయినా గొంతెండి కూర్చునేవాళ్లే ఎక్కువ.

ఇక అసలు సంగతి. మీ బీపీ మాత్రలో రెండు మందులు ఉన్నాయి. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోత గుత్తుల్లో ఒత్తిడి తగ్గిస్తుంది. రెండోది మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది, దానితో ఒంట్లో నీరు కాస్త తగ్గుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల కిడ్నీకి రక్తం తీసుకెళ్లే నాళాన్ని సన్నబరుస్తుంది. ఈ మూడూ కలిసిన చోట క్రియాటినిన్ ఎగబాకడం డాక్టర్లకు బాగా తెలిసిన విషయం. పైన పదమూడు గంటలు నీళ్లు లేవు, కడుపులో మటన్ ఉంది. వండిన మాంసంలో క్రియాటినిన్ ఉంటుంది, అది తిన్న కొన్ని గంటలు రక్తంలోనూ అంకె పెరుగుతుంది.

అందుకని మీది ఉత్తుత్తి రిపోర్టు అనడం లేదు. ఈ ఒక్క రిపోర్టు పెట్టుకుని కిడ్నీ జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే తేడా కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. నొప్పి బిళ్ల ఈ క్షణం నుంచి ఆపండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఆ మాట సోమవారం డాక్టరు చెప్పాలి.

గోదారి_గట్టు
అట్ట బైకు సీటు కింద పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పుడే తీసి చెత్తబుట్టలో వేశాను. ఇంకా నాలుగు బిళ్లలు మిగిలి ఉన్నాయి అందులో.

వనమూలిక
కంగారు పడకండి. కొండపిండి ఆకు, పల్లేరు కాయలు కలిపి కషాయం నలభై రోజులు తాగండి. మా బాబాయికి 3 ఉండేది, 1.4కి దిగింది. ఇంగ్లీషు మందులు వాడితే ఆ దారి డయాలసిస్‌కే.

అమ్మకోసం
వనమూలిక గారూ, ఈ మాట చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

మా అమ్మకి పద్నాలుగేళ్లుగా షుగర్. మూడేళ్ల కిందట క్రియాటినిన్ 2.1 ఉండేది. డాక్టరు జాగ్రత్తలు చెప్పి మందులు రాశారు. అదే వారం చుట్టాలావిడ ఒకాయన పేరు చెప్పింది, కిడ్నీలు కొత్తవి చేసి ఇస్తాడని. బూడిదరంగు పొడి, చిన్న చిన్న పొట్లాలు, తేనెలో రంగరించి పరగడుపున వేసుకోవాలి. అందులో ఏముందో చెప్పలేదు, అడిగితే గురువుగారి రహస్యం అన్నాడు. ఇంగ్లీషు మందులన్నీ మానేయమన్నాడు. అమ్మ మానేసింది. మేమూ సరే అన్నాం, ఆ తప్పు మాది కూడా. నాలుగు నెలల తర్వాత ఆయాసంతో పడిపోతే తీసుకెళ్లాం. క్రియాటినిన్ 6.8. పొటాషియం కూడా బాగా పెరిగిపోయింది. ఆ రాత్రే మెడలో ట్యూబు వేసి డయాలసిస్ చేశారు.

ఇప్పుడు వారానికి మూడుసార్లు, విడతకి నాలుగు గంటలు. పొడి వేసుకోకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికే వచ్చేవాళ్లమేమో. ఐదేళ్లు ఆగి వచ్చేవాళ్లమేమో. ఆ ఐదేళ్ల గురించే నా బాధ.

వనమూలిక
మీ అమ్మగారి సంగతి చదివి చాలా బాధ కలిగింది. నేను చెప్పింది భస్మం కాదు, ఆకు కషాయం. బాబాయికి తగ్గిన మాట నిజం.

ల్యాబ్_అక్క
బాబాయికి అంతకుముందు రాయి అడ్డుపడిందా?

వనమూలిక
అవును, రాయి ఉండేది. అది పడిపోయింది.

ల్యాబ్_అక్క
అదీ కారణం. రాయి దారికి అడ్డుపడితే మూత్రం వెనక్కి తన్ని క్రియాటినిన్ పెరుగుతుంది. అడ్డు తొలగితే దిగుతుంది. గోదారి గారికి రాయి ఉందో లేదో స్కాన్ చేస్తేగానీ తెలియదు. కిడ్నీ నెమ్మదించిన మనిషి ఏ కషాయం తాగాలన్నా ముందు డాక్టరుకి చెప్పాలి. కొన్ని ఆకుల్లో పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టాన్ కూడా పొటాషియం పెంచే మందే. పొడులలో కొన్నిసార్లు సీసం, పాదరసం లాంటివి బయటపడ్డాయి.

వనమూలిక
సరే అక్కా. డాక్టర్ని అడిగాకే అని ఉండాల్సింది నేను. మందులు ఆపమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బుల్లెట్_బాబ్జి
ఇవన్నీ ఎందుకు, రోజుకి ఐదు లీటర్ల నీళ్లు కొట్టండి బ్రో. మొత్తం కడిగేసినట్టు అయిపోద్ది.

అమ్మకోసం
అందరికీ ఆ సలహా ఇవ్వకండి. మా అమ్మకి రోజు మొత్తానికి లీటరు. మజ్జిగ, చారు, మాత్ర వేసుకునే గుక్క, అన్నీ కలిపి. అంతకు మించితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎండాకాలంలో ఐసు ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని గంట గడుపుతుంది.

బుల్లెట్_బాబ్జి
ఆ సంగతి తెలీదండి. సారీ.

కవిటి_కొబ్బరితోట
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువున్న ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ పేర్లు పేపర్లో చూసే ఉంటారు. మా దగ్గర పిల్లల మార్కులు చెప్పుకున్నట్టు క్రియాటినిన్ చెప్పుకుంటారు. మీ నాన్నకెంత, 4.2. మీ చిన్నాన్నకెంత, 2.8.

గోదారి గారూ, ఒంట్లో ఏ తేడా లేదన్నారు చూడండి, దాని మీద ధైర్యం పెట్టుకోకండి. మా నాన్న కొబ్బరిచెట్లు ఎక్కుతూ ఎక్కుతూనే 5కి వచ్చాడు. బీపీ లేదు, షుగర్ లేదు, కాలు వాపు లేదు. కాస్త ఆకలి తగ్గింది, అంతే. పరీక్ష చేయిస్తేగానీ తెలియలేదు. మా ప్రాంతపు జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్కమాటగా తేలలేదు. నీళ్లన్నారు, ఎండలో చెమటోడ్చి పని చేయడమన్నారు, పురుగుమందులన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, మధ్య అమెరికాలో చెరకు నరికేవాళ్లకీ ఇలాంటిదే ఉంది. తోటలో ఒళ్లు నొప్పులంటే ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు బిళ్లలు, ఇది మా ఊళ్లో అందరికీ అలవాటు. అది ఒక్కటే కారణమని అనను, మంచి మాత్రం చేయలేదు.

ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ కేజీహెచ్‌కి రైలెక్కాలి. పొద్దున వెళ్లి రాత్రికి పీనుగులా తిరిగొచ్చేవాళ్లు. ఇప్పుడు పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ఉన్నాయి, 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. నాన్న వీటిలో దేనికీ అందలేదు. 2019లోనే వెళ్లిపోయాడు.

నాకు 34. ఆరు నెలలకోసారి చేయించుకుంటాను. మొన్న 0.9. రిపోర్టు కవరు చింపే ముందు ప్రతిసారీ చేతులు చల్లబడతాయి.

గోదారి_గట్టు
తమ్ముడూ, నా భయం నీ భయం ముందు ఎంత అనిపించింది. 0.9 అని చదివి చాలా సంతోషం వేసింది.

జగిత్యాల_యాది
నేను సౌదీల ఎనిమిదేండ్లు సెంట్రింగ్ పని చేసిన. ఎండాకాలంల మధ్యాహ్నం 12 నుంచి 3 దాక బయట పని బంద్ చేయాలని అక్కడ రూలుంది. అయినా పొద్దుగాల పదింటికే మంట. బాత్రూం దూరముంటదని నీళ్లు తక్కువ తాగేటోళ్లం. మూత్రం చాయ డికాషన్ తీరు వచ్చేది. నడుమంత గుంజుతాందని నొప్పి గోలీలు మింగి పని చేసిన. ఇంటికొచ్చినంక చూపిస్తే 2.3, ఈజీఎఫ్ఆర్ 36. ఇప్పుడు 39 ఏండ్లు నాకు. మూడేండ్ల సంది ఆ 36 దగ్గర్నే ఉన్నది, జారలేదు. బీపీ మందు ఒక్క పూట తప్పలేదు, ఉప్పు తగ్గించిన, గోలీలు బంద్. కిరాణం కొట్టు పెట్టుకున్న, పిల్లలు చదువుకుంటున్నరు. 36తోని కూడా బతుకు నడుస్తది అన్నా.

డల్లాస్_డైరీ
నాది వేరే కథ. 31 ఏళ్లు, జిమ్‌కి వెళ్తాను, కండ కోసం క్రియాటిన్ అనే పౌడర్ రోజుకి 5 గ్రాములు. వార్షిక పరీక్షలో క్రియాటినిన్ 1.5. ఇక్కడి డాక్టరు పౌడర్ ఆపించి సిస్టాటిన్ సి అనే ఇంకో రక్తపరీక్ష రాశారు. దానికి కండతో, మాంసంతో పెద్దగా సంబంధం లేదట. అది నార్మల్ వచ్చింది. కండ ఎక్కువ ఉన్నవాళ్లకి క్రియాటినిన్ సహజంగానే కాస్త ఎక్కువ ఉంటుందన్నారు. మూడు రోజులు అన్నం సహించలేదు నాకు, ఇండియాలో అమ్మకి మాత్రం ఏమీ చెప్పలేదు.

రిటైర్డ్_టీచరమ్మ
డల్లాస్ బాబుకి జరిగిన దానికి తలకిందులు నాకు జరిగింది, ఆడవాళ్లు దయచేసి చదవండి.

నాకు 62. షుగర్ వచ్చి పన్నెండేళ్లు. ఏటా క్రియాటినిన్ 1.0, 1.1 అని వచ్చేది. పక్కన ఎర్ర గుర్తు ఏదీ ఉండేది కాదు. నార్మల్ అని ఫైల్లో పెట్టేసేదాన్ని. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కాగితం తిప్పి చూసి, మీ వయసుకి, ఆడవారికి, ఈ 1.1 అంటే ఈజీఎఫ్ఆర్ 57 అండీ అన్నారు. అదే 1.1 పాతికేళ్ల కుర్రాడికి ఉంటే 95 దాకా లెక్క వస్తుందట. కండ తక్కువగా ఉండే మనలాంటి వాళ్లలో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది, అందుకని అంకె చిన్నగా కనిపించి మోసం చేస్తుంది. ఆ తర్వాత పొద్దున మొదటి మూత్రంలో ఏసీఆర్ (మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో చూసే పరీక్ష) చేయించారు. 30 లోపు ఉండాలి, నాకు 140. అంటే ప్రొటీన్ కారుతోంది. అన్నేళ్లలో ఆ పరీక్ష ఒక్కసారి కూడా ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు.

డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు మొదలుపెట్టారు, షుగర్‌కీ కిడ్నీకీ పనికొచ్చేది. మొదటి నెలలో 57 కాస్తా 53 అయింది. ఏడుపొచ్చింది. ఈ మందుకి మొదట్లో కొంచెం దిగడం మామూలే, తర్వాత నిలబడుతుంది అని ముందే చెప్పారు కాబట్టి ఆగాను. రెండేళ్లయింది, 52 దగ్గర ఉంది. ఏసీఆర్ 60కి వచ్చింది.

గోదారి బాబూ, సోమవారం ఏసీఆర్ మర్చిపోకుండా అడుగు. ఇంట్లో చెప్పు కూడా. మా వారు నా దగ్గర గుండె రిపోర్టు దాచిపెట్టారు ఒకసారి. నాకు కోపం వచ్చింది రోగం మీద కాదు, దాచినందుకు.

పప్పుచారు
టీచరమ్మ గారూ, ఇప్పుడే మా అమ్మ రిపోర్టు తీసి చూశా. 58 ఏళ్లు, క్రియాటినిన్ 0.8. ల్యాబ్ వాళ్లు ఈజీఎఫ్ఆర్ వేయనే లేదు.

ల్యాబ్_అక్క
పప్పుచారూ, అమ్మగారికి 80 పైనే వస్తుంది లెక్క, నిశ్చింతగా ఉండండి. షుగర్, బీపీ ఉంటే మాత్రం ఏడాదికోసారి ఏసీఆర్ చేయించండి.

గోదారి_గట్టు
ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి అప్పడాల డబ్బా, ఊరమిరపకాయల సీసా, ఆవకాయ జాడీ తీసి పైన అటక మీద పెట్టింది.

బుల్లెట్_బాబ్జి
నిచ్చెన కూడా తీసేసి ఉంటారు.

గోదారి_గట్టు
పక్కింటికి ఇచ్చేసింది.

జగిత్యాల_యాది
ఉప్పు తగ్గించుడంటే షాపుల్ల దొరికే లో సోడియం ఉప్పు తేకు అన్నా, డాక్టర్ని అడగకుండ. దాంట్ల సోడియం బదులు పొటాషియం కలుపుతరు. నేను తెలువక రెండు నెలలు వాడిన, పొటాషియం 5.8 అయింది.

అమ్మకోసం
పొటాషియం పెరిగినవాళ్లకి ఇంకో చిట్కా. బంగాళాదుంపలు, చామదుంపలు తొక్క తీసి చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండుతాను. రుచి కొంత పోతుంది. తాలింపులో వెల్లుల్లి దట్టిస్తే అమ్మ మారు వడ్డించమంటుంది. కొబ్బరినీళ్లు మాత్రం బంద్. కవిటి తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

కవిటి_కొబ్బరితోట
అయ్యో అక్కా. మా తోటలోనే నాన్న చివరి రెండేళ్లు కొబ్బరినీళ్లు ముట్టలేదు.

గోదారి_గట్టు
సోమవారం రాత్రి. డాక్టర్ని కలిసి వచ్చాను. బీపీ 150/94 ఉంది, మాత్ర వేసుకుంటున్నా సరే. ఆరేళ్లుగా అదే డోసు, ఇంట్లో ఎప్పుడూ కొలుచుకోలేదు. 130/80 లోపు రావాలన్నారు. మూత్రం ఎక్కువ పోయించే మందు తీసేసి వేరే బీపీ మందు కలిపారు, టెల్మిసార్టాన్ ఉంచారు. అది ప్రొటీన్ కారడాన్ని తగ్గించే మందే, తీసేయకూడదు అన్నారు. స్కాన్‌లో రెండు కిడ్నీలూ మామూలు సైజే, 9.8, 10.1 సెంటీమీటర్లు. రాళ్లు లేవు. ఏసీఆర్ 85. రెండు వారాల తర్వాత రక్తం మళ్లీ చూస్తారు. నడుం నొప్పికి పారాసిటమాల్, ఫిజియోథెరపీ రాశారు.

బయటికి వస్తుంటే డయాలసిస్ వార్డు తలుపు తెరిచి ఉంది. మేనమామ పడుకునే మూల మంచం కనబడింది. వేరే ఎవరో ఉన్నారు, పేపరు చదువుకుంటున్నారు. కాసేపు నిలబడి వచ్చేశాను.

అమ్మకోసం
మా అమ్మ కూడా అక్కడ చదువుకుంటుంది, వారపత్రికలు. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంది, దాని మీద చెయ్యి పెడితే లోపల తుమ్మెద ఉన్నట్టు జుమ్మని తెలుస్తుంది. రోజూ పొద్దున లేవగానే అమ్మ చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. పలుకుతోంది అంటుంది. అప్పుడు నేను కాఫీ కలుపుతాను. జీవన్‌దాన్‌లో కిడ్నీ మార్పిడి కోసం పేరు నమోదు చేయించాం, పిలుపు కోసం చూస్తున్నాం.

రిటైర్డ్_టీచరమ్మ
అమ్మని అడిగానని చెప్పు తల్లీ.

గోదారి_గట్టు
రెండు వారాలైంది. ఈసారి పొద్దున రెండు గ్లాసుల నీళ్లు తాగి వెళ్లాను, మాంసం మూడు రోజుల ముందే ఆపాను. క్రియాటినిన్ 1.3, ఈజీఎఫ్ఆర్ 69. బీపీ ఇంట్లో మిషన్ కొని రాసుకుంటున్నాను, 132, 128, 134 అలా ఉంటోంది. ఏసీఆర్ మాత్రం 62. ఇంకా కారుతోందన్న మాట. మూడు నెలల తర్వాత మళ్లీ చూసి అప్పుడు చెబుతాను, ఇప్పుడే బయటపడ్డావని అననన్నారు డాక్టరు. నిద్ర మాత్రం పడుతోంది.

జగిత్యాల_యాది
మంచిగుంది అన్నా. మనసు నిమ్మళమైంది.

ల్యాబ్_అక్క
సంతోషం. ఏసీఆర్ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. తగ్గాక మర్చిపోయి రెండేళ్లకి మళ్లీ మా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లని చాలామందిని చూశాను.

గోదారి_గట్టు
మా ఆవిడ రాసేసింది అక్కా, ఎర్ర పెన్నుతో.

కొత్త_సభ్యుడు_ఏలూరు
మొత్తం చదివాను. మా నాన్నగారికి 1.8 వచ్చింది, 67 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకి చాలా రోజులుగా బిళ్లలు వాడుతున్నారు. ఏం చేయాలో తెలియక రాస్తున్నాను.

ల్యాబ్_అక్క
ఆ బిళ్లల అట్ట ఫోటో పెట్టండి బాబూ, పేరు కనబడేలా. షుగర్, బీపీ ఉన్నాయా? మూత్రం మామూలుగా వస్తోందా? పాత రిపోర్టులు ఏవైనా ఉన్నాయా ఇంట్లో?